కీడును కీడనే అన్న యోసేపు

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

ఎవరింట్లోనైనా కష్టం వస్తే పరామర్శకు వెళ్లి మనం అనే మాట ఒకటుంది. "అంతా ప్రభువు చిత్తం, ఏడవకమ్మా." నేనూ చాలామందితో అన్నాను, ప్రేమతోనే అన్నాను. కానీ ఆ మాట విన్న మనిషి ముఖం ఎలా అవుతుందో మా ఇంట్లోనే చూశాక, దాన్ని నోటికొచ్చినట్టు అనడం మానుకున్నాను.

మా అమ్మ ఒక ప్రైవేటు స్కూల్లో 11 ఏళ్లు ఆయాగా పనిచేసింది. ఒకరోజు సాయంత్రం, రేపట్నుంచి రానక్కర్లేదన్నారు. కారణం చెప్పలేదు. అప్పటికే మూడు నెలల జీతం బాకీ. ఆ రాత్రి సంఘంలోంచి ముగ్గురు పెద్దవాళ్లు వచ్చి ప్రార్థన చేశారు. "దేవుడు ఇంతకంటే మంచిది దాచిపెట్టాడు తల్లీ, వాళ్ల మీద ఏమీ పెట్టుకోకు" అన్నారు. అమ్మ తలూపింది. వాళ్లు వెళ్లాక వంటింట్లో పీట మీద కూర్చుని నన్ను ఒకటే అడిగింది: "నా జీతం ఎగ్గొట్టమని దేవుడు చెప్పాడంటావా?"

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత యోసేపు కథ మళ్లీ చదువుతుంటే దొరికింది. చిన్నప్పుడు సండే స్కూల్లో ఫ్లానెల్ బోర్డు మీద రంగురంగుల నిలువుటంగీ అతికించి నేర్చుకున్న కథే అది.

పదిహేడేళ్ల యోసేపును అన్నలు గుంటలో పడేసి, పక్కనే కూర్చుని అన్నం తిన్నారు. ఆదికాండము 37వ అధ్యాయంలో ఆ పిల్లవాడి గొంతు మనకు వినబడదు. ఏడ్చాడో, బతిమాలాడో రాసి లేదు. ఐగుప్తుకు వెళ్లే వర్తకులకు 20 తులాల వెండికి అమ్మేశారు, అంతే. కానీ 42వ అధ్యాయానికి వెళ్లండి. ఇరవై ఏళ్లు గడిచాక, ఐగుప్తులో ఇరుక్కుపోయిన అన్నలు తమలో తాము అనుకుంటారు: వాడు మనల్ని బతిమాలుకున్నాడు, వాడి వేదన చూసి కూడా మనం వినలేదు. చూశారా! గుంటలోంచి వచ్చిన ఆ కేక ఇరవై ఏళ్లు ఆ అన్నల చెవుల్లో ఉంది. దేవుడు ఆ కేకను వాక్యంలోంచి కొట్టెయ్యలేదు. చివరికి అంతా మేలే అయింది కదా, ఆ ఏడుపు ఇప్పుడెందుకు అనలేదు. చేసినవాళ్ల నోటితోనే చెప్పించాడు.

ఐగుప్తులో చెయ్యని నేరానికి చెరసాలలో పడ్డ యోసేపు అక్కడ ఏం చేశాడో కూడా చూడండి. ఊరికే ఓర్చుకున్నాడని మనం ప్రసంగాల్లో చెబుతాం. వాక్యం అలా చెప్పడం లేదు. తనతోపాటు ఖైదులో ఉన్న పానదాయకుల అధిపతి, అంటే ఐగుప్తు రాజైన ఫరోకు పానం అందించే అధికారి, విడుదలై వెళ్తుంటే, "ఫరోతో నా సంగతి చెప్పు. నన్ను మా దేశంలోంచి దొంగిలించి తెచ్చారు, ఇక్కడ కూడా నేను ఏ తప్పూ చెయ్యలేదు" అని అడిగాడు. అది అర్జీయే కదండీ! ఆ అధికారి మర్చిపోయాడు. ఒకటీ రెండూ రోజులు కాదు, రెండు నిండు సంవత్సరాలు. అర్జీ పెట్టుకోవడం యోసేపు విశ్వాసానికి అడ్డు రాలేదు. అర్జీ మూలన పడిందని ఆ విశ్వాసం చచ్చిపోనూ లేదు.

కథ చివర, యోసేపు ఐగుప్తులో పెద్ద అధికారి అయ్యాడు. తండ్రి చనిపోయాక అన్నలు భయపడి కాళ్ల మీద పడితే అతను అన్నమాట మనందరికీ కంఠతా వచ్చు. అందులో మొదటి సగం మనం గబగబా దాటేస్తాం. "మీరు నాకు కీడుచేయ నుద్దేశించితిరి." ముందు ఆ మాట అన్నాడు. ఆ తర్వాతే "అది మేలుకే దేవుడు ఉద్దేశించెను" అన్నాడు. క్షమించేశాడు కదా అని కీడుకు వేరే పేరు పెట్టలేదు. మీరు చేసింది కీడు కాదు, దేవుడే మీ చేత చేయించాడు అని వాళ్లను తప్పించలేదు. వాళ్ల ఉద్దేశం వాళ్లది, దేవుని ఉద్దేశం దేవునిది. రెండూ ఒకే సంఘటనలో ఉన్నా, రెండూ ఒకటి కావు.

ఇది మన నేల మీద కూడా జరిగింది. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువు గురించి ఒంగోలు ప్రాంతం సంఘాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది ఆకలితో పోయారు. అప్పుడు ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగపల్లెల నుంచి నడిచి వచ్చినవాళ్లు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులు నెత్తిన మట్టి తట్టలు మోస్తుంటే, పనివేళ అయ్యాక మన బోధకులు వాళ్ల మధ్య కూర్చుని "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా" అన్న వాక్యం చదివేవారు. మెడలు నొప్పి పుట్టిన వాళ్లకు ఆ వాక్యానికి వేరే వివరణ అక్కర్లేదు.

చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ దొర ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని, ఆకలిని ఆసరా చేసుకోకూడదని, దాదాపు 15 నెలలు ఆ తలుపు మూసి ఉంచాడు. సహాయం తగ్గిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. అప్పుడు ఇక ఆపలేకపోయాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ సంఖ్య మనం గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ 15 నెలలే ఎక్కువ ముఖ్యం. సంఘం పెరగడానికే దేవుడు కరువు పంపాడని కొందరు ప్రసంగిస్తారు. ఆ మాట నేను ఒప్పుకోలేను. ఆ కరువులో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదురుగా నిలబడి అనగలమా ఆ మాట? కరువు కరువే, అంటరానితనం పాపమే. ఆ రెండింటి మధ్యా దేవుడు తన పని ఆపలేదు. నేను నమ్మేది అది. రోమా పత్రికలో పౌలు సమస్తమూ సమకూడి మేలుకై జరుగుతాయన్నాడు. సమస్తమూ మంచివే అనలేదు.

అమ్మ సంగతి సగంలో వదిలేశాను. మర్నాడే లేబర్ ఆఫీసుకు వెళ్లింది. కార్బన్ పేపరు పెట్టి అర్జీ మూడు కాపీలు నేనే రాశాను. ప్రతి కాపీ మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆ కాగితాలు కూరగాయల సంచీలో అడుగున పెట్టుకుని, నెలకోసారి బస్సెక్కేది. "సారు రాలేదు, వచ్చే వారం రండి" అంటే తిరిగొచ్చేది. ఆ రాత్రుళ్లు కొన్నిసార్లు దేవుడితో గట్టిగానే మాట్లాడేది, పక్క గదిలోకి వినబడేది. ఆదివారం మాత్రం గుడికి అందరికంటే ముందే వెళ్లి చాపలు పరిచేది.

రెండేళ్ల మీద రాజీ కుదిరింది. సగం డబ్బు ఇచ్చారు. కవరు తెచ్చి మంచం మీద పెట్టి, మోకాళ్లూని స్తోత్రం చెప్పింది. లేచి, లెక్కపెట్టి, దశమభాగం తీసి బైబిల్లో పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి అంది: "మిగతా సగం కూడా వాళ్లు ఇవ్వాల్సిందేరా."