జాజి పేరున్న హార్మోన్, మొవ్వులో కత్తెర పురుగు

(దృశ్యం: చీపురుపల్లి దగ్గర మొక్కజొన్న చేను, పొద్దున్న పూట. కెమెరా మెల్లగా మొవ్వులోకి దిగుతుంది. చిల్లులు పడ్డ ఆకులు, రంపపు పొట్టులాంటి రెట్ట.)

ఇది మా మావయ్య చేను. విజయనగరం జిల్లాలో మొక్కజొన్న వేసినవాళ్లకి ఈ రెట్ట చూపిస్తే చాలు, పేరు చెప్పనక్కర్లేదు. కత్తెర పురుగు. 2018లో మన దేశంలో మొదట కర్ణాటకలో బయటపడింది, ఆ ఏడాదే మన రాష్ట్రానికీ వచ్చేసింది.

నిన్న మావయ్యతో అన్నాను, "పురుగు కొరికితే మొక్క ఊరుకోదు మావయ్యా, ఎదురు తిరుగుతుంది" అని. ఆయన చేను వైపు చెయ్యి చూపించి, "ఎదురు తిరిగితే ఇలాగేటి ఉంటాది?" అన్నారు.

అక్కడ నా దగ్గర జవాబు లేదు. రాత్రంతా కూర్చుని చదివాక దొరికింది.

(దృశ్యం: ఒక చెయ్యి కత్తెరతో ఆకు కోస్తుంది. పక్కనే ఇంకో ఆకును పురుగు కొరుకుతోంది.)

ఈ రెండు గాయాలూ మొక్కకి ఒకటి కావు. పురుగు కొరికినప్పుడు దాని నోటి రసం గాయానికి అంటుకుంటుంది. కత్తెర పురుగుకి దగ్గరి చుట్టమైన ఒక పురుగు నోటి రసంలోంచి 1997లో వోలిసిటిన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. దాన్ని మొక్కజొన్న గాయానికి పూస్తే, అక్కడ పురుగు లేకపోయినా, ఉన్నట్టే మొక్క స్పందించింది.

ఆకులోని హరితరేణువుల పొరల్లో కొవ్వు ఉంటుంది. పురుగు కొరకగానే దాంట్లోంచి లినోలెనిక్ ఆమ్లం విడిపోతుంది. అవిసె నూనెలో ఎక్కువగా ఉండేది ఇదే. కణంలో అది చాలా చేతులు మారి జాస్మోనిక్ ఆమ్లం అవుతుంది. ఇదే మన హార్మోన్. దీని దగ్గరి రూపం మొదట దొరికింది 1962లో, సన్నజాజి నూనెలో. అప్పుడు చూసింది పరిమళం కోసమే. సాయంత్రం జడలోకెక్కే పువ్వు పేరు పురుగుతో పోరాడే హార్మోన్‌కి అలా వచ్చింది.

(దృశ్యం: చెరువు తూము. తలుపు ఎత్తగానే నీళ్లు కాలవలోకి దూకుతాయి.)

మామూలు రోజుల్లో మొక్క రక్షణ జన్యువులు ఈ చెరువు నీళ్లలా ఆగి ఉంటాయి. తూము తలుపులా వాటిని ఆపేవి జాజ్ అనే ప్రోటీన్లు. (జాజి, జాజ్... ఈ ప్రాస నేను కట్టింది కాదు, శాస్త్రవేత్తలు పెట్టిన పేరే అది.) హార్మోన్ పెరగగానే కణం ఆ తలుపుని విరగ్గొట్టి పారేస్తుంది. జన్యువులు పని మొదలుపెడతాయి.

వాటి పనుల్లో నాకు బాగా నచ్చింది పురుగు అరుగుదలని దెబ్బతీయడం. ప్రోటీన్‌ని అరిగించే ఎంజైములను అడ్డుకునే పదార్థాలను మొక్క ఆకులో నింపేస్తుంది. పురుగు కడుపు నిండా తింటుంది గానీ ఒంటికి పట్టదు. పచ్చి ఉలవల్లోనూ ఇలాంటివే ఉంటాయి, అందుకే వాటిని బాగా ఉడకబెట్టాలి. 1972లో అమెరికాలో క్లారెన్స్ రయాన్, ఆయన సహచరుడు టమాటా, బంగాళదుంప మొక్కల్లో ఈ సంగతి చూపించారు. పెంకు పురుగు ఒక ఆకు కొరికితే, అది ముట్టని ఆకుల్లో కూడా ఈ పదార్థం పెరిగింది.

రెండో పని వాసన. పురుగు తింటున్న మొక్కజొన్న గాల్లోకి కొన్ని వాసనలు వదులుతుంది. వాటిని పట్టుకుని చిన్న కందిరీగలు వచ్చి పురుగు ఒంట్లో గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు పురుగుని లోపల్నుంచి తినేస్తాయి. ఇది 1990 నాటికే తెలిసింది.

(దృశ్యం: మళ్లీ మొవ్వు. దగ్గరగా రెట్ట.)

మరి మావయ్య చేను ఎందుకిలా ఉంది? సమాధానం ఈ రెట్టలోనే కొంత ఉంది.

మొక్కకి రెండో హార్మోన్ ఒకటుంది, సాలిసిలిక్ ఆమ్లం. తెగుళ్ల మీద పోరాటం ఎక్కువగా దాని పని. ఈ రెండూ చాలాసార్లు కావిడి బద్దకి రెండు కొసల్లా ఉంటాయి, ఒకటి దిగితే రెండోది లేస్తుంది. ఇక చూడండి తమాషా. మొక్కజొన్న తన ఆకుల్లో కైటినేజ్ అనే ఎంజైము తయారు చేసుకుంటుంది, శిలీంధ్రాల (బూజుల) గోడని కరిగించేది అది. కత్తెర పురుగు ఆకు తింటే ఆ ఎంజైము దాని కడుపులోంచి చెడకుండా బయటికొచ్చి రెట్టలో చేరుతుంది. రెట్ట మొవ్వులోనే పేరుకుపోతుంది. మొక్క ఆ రెట్టని చూసి శిలీంధ్రం దాడి చేసిందనుకుని సాలిసిలిక్ ఆమ్లం వైపు తిరుగుతుంది, పురుగు మీద పోరు మందగిస్తుంది. 2016లో ప్రచురించిన పరిశోధన ఇది. మొక్క సొంత ఎంజైమే మొక్కని మోసం చేసిందన్నమాట! నాకు పురుగు మీద కోపం పోయి ఆశ్చర్యం మిగిలింది. మావయ్యకి మాత్రం కోపమే మిగిలింది.

"అయితే ఆ జాజి మందు కొట్టేద్దామా?" అనే ప్రశ్న మీకూ వచ్చి ఉంటుంది. అమెరికాలో ఒక టమాటా పొలంలో కొట్టి చూశారు, ఆ ఫలితాలు 1999లో ప్రచురించారు. కందిరీగలు గుడ్లు పెట్టిన పురుగులు దాదాపు రెట్టింపయ్యాయి. కానీ హార్మోన్ మోత మోగుతున్నంతసేపూ మొక్క ఎదుగుదల తగ్గుతుంది, ఉన్న శక్తి రక్షణకి మళ్లుతుంది. దిగుబడి కావాలనుకునే రైతుకి ఇది చిన్న విషయం కాదు.

(దృశ్యం: మావయ్య పొడి ఇసుకలో కాస్త సున్నం కలిపి, గుప్పెడు తీసి, ఒక్కో మొవ్వులోకీ వదులుతున్నారు.)

"రెట్టతో మొక్కకి మత్తెక్కిస్తాదంటున్నావు కదా," అన్నారు ఇసుక వదులుతూ, "అయితే పురుగు చిన్నగా ఉన్నప్పుడే, రెట్ట పేరక ముందే వెయ్యాల."

తర్వాతి సాలులోకి వెళ్లిపోయారు.