మొరవ నీళ్ళ వెంట సైకిల్

హోస్ట్: అందరికీ నమస్తే. ఈ రోజు మనతో ఉన్న అక్క తిరుపతిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతారు. ఆదివారం వస్తే తెల్లారకముందే సైకిలెక్కి చెరువు కట్టల మీద తేలతారు. మధ్యలో నాలుగేళ్ళు ఫిన్లాండ్‌లో ఉండొచ్చారు. అక్కా, ముందు నా అజ్ఞానం తీర్చండి. గ్రావెల్ సైక్లింగ్ అంటున్నారు. గ్రావెల్ అంటే ఇల్లు కట్టేటప్పుడు టిప్పర్లతో తోలిస్తామే, అదేనా?

అక్క: అదే నాయనా, ఆ గరుసే. తారు లేని దారుల్లో తొక్కడానికి పనికొచ్చే సైకిల్‌ను గ్రావెల్ బైక్ అంటున్నారు. హ్యాండిల్ రేసు సైకిల్‌లాగే కిందికి వంగి ఉంటుంది కానీ టైర్లు లావు. 35 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, ఎంపోరియా అనే ఊళ్ళో 2006లో పొలాల మధ్య గరుసు రోడ్ల మీద 200 మైళ్ళ పోటీ మొదలైంది. 2022లో ఇటలీలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా పెట్టారు. నేను పోటీల మనిషిని కాదులే. నాకు వెనకనుంచి హారన్ వినపడకపోతే చాలు.

హోస్ట్: ఆ అలవాటు ఫిన్లాండ్‌లో పడిందా?

అక్క: అక్కడే. అదంతా సరస్సుల దేశం కదా. 500 చదరపు మీటర్లు దాటినవన్నీ లెక్కేస్తే దాదాపు 1,88,000 ఉన్నాయట. ఒకదాని గట్టు దిగితే ఇంకొకటి. వాటి మధ్య అడవి, అడవిలో గరుసు రోడ్లు. ఆ రోడ్లు సైకిళ్ళ కోసం వేసినవేం కావు. కొట్టిన మానులు లారీల్లో తేవడానికి వేసినవి. ఆ పని అయిపోయాక గంటసేపు తొక్కినా మనిషి కనపడడు. కొన్నిటికి మొదట్లోనే అడ్డంగా ఒక దూలం ఉంటుంది. కారు అక్కడే ఆగిపోతుంది, మనం పక్కనుంచి సైకిల్ నడిపించుకుని పోతాం.

హోస్ట్: వేరేవాళ్ళ అడవిలోకి పోతే ఎవరూ అడగరా?

అక్క: అడగరు. అడవి ఎవరిదైనా సరే, నష్టం చేయకుండా నడవొచ్చు, సైకిల్ తొక్కొచ్చు, అడవిపండ్లు కోసుకోవచ్చు. దానికి వాళ్ళ భాషలో ‘ప్రతి మనిషి హక్కు’ అని పేరే ఉంది. మోటారు బండికి మాత్రం ఆ హక్కు లేదు. నాకు ఆ తేడా భలే నచ్చింది.

హోస్ట్: మరి ఇక్కడికి తిరిగొచ్చాక మనకు శేషాచలం ఉంది కదా, ఇంకేం కావాలి అనిపించలేదా?

అక్క: అనిపించింది, మొదటి నెలలోనే సైకిల్ వేసుకుని కొండ వైపు పోయాను కూడా. చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. అప్పుడు కాస్త చిన్నబోయాను కానీ ఆలోచిస్తే వాళ్ళ మాటే న్యాయం. అది 1989 నుంచి శ్రీ వెంకటేశ్వర జాతీయ పార్కు. 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు కూడా అయింది. అనుమతి లేకుండా లోపల కాలు పెట్టకూడదు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో ఈ చుట్టుపక్కల కొండల్లోనే. దాని కోసం జరిగే దొంగతనాల వల్ల అడవిలో తిరిగే కొత్త మనిషిని ఎవరైనా అనుమానంగానే చూస్తారు. చిరుతల సంగతి నీకు తెలుసు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపను ఎత్తుకుపోయింది. అటు పలమనేరు దిక్కు కౌండిన్య అభయారణ్యం అంటే ఏనుగులు. ఫిన్లాండ్ అడవిలో ఏనుగు ఎదురు రాదు కదయ్యా! ఇక్కడి అడవికి అక్కడి పద్ధతి పనికిరాదు.

హోస్ట్: అంటే అడవి కట్. మిగిలింది చెరువు.

అక్క: చెరువంటే ఒకటి కాదు, గొలుసు. ఇదే నాకు ఆలస్యంగా తట్టింది. మన రాయలసీమ చెరువులు ఎక్కువ గొలుసుకట్టువి కదా. పైచెరువు నిండి మొరవ పోతే, అంటే ఎక్కువైన నీళ్ళు పొర్లిపోతే, ఆ నీళ్ళు వాగులోనో కాలువలోనో పడి కిందిచెరువుకు చేరతాయి. అది నిండితే ఇంకా కిందిదానికి. నేను ఆ నీళ్ళ వెంటే పోతాను. పైచెరువు కట్ట ఎక్కి, మొరవ దగ్గర దిగి, కాలువ గట్టు పట్టుకుని, బండ్లబాటలో మామిడి తోటలు దాటి, రెండో చెరువు కట్ట ఎక్కుతాను. నీళ్ళు పోయే దారి కాబట్టి వాలు ఉంటుంది, ఎక్కడా నిటారుగా ఉండదు. మ్యాప్ ఏం అక్కర్లేదు. చిన్న చెరువుల కట్టల మీద కారు పట్టదు. ఫిన్లాండ్‌లో దూలం అడ్డం పెట్టి ఆపిన పనిని ఇక్కడ కట్ట వెడల్పే చేస్తుంది.

హోస్ట్: ఏ వైపు పోతారు?

అక్క: రామచంద్రాపురం వైపు ఎక్కువ. ఎలాగూ అంత దూరం పోయాం కదా అని రాయలచెరువు కూడా చూసి వస్తాను. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదని చెప్పుకుంటారు. 2021 నవంబర్ వానలకు దాని కట్ట బలహీనపడి నీళ్ళు కారాయి, తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు, గుర్తుందా? ఆ వారం మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, మా చిన్నమ్మ వాళ్ళు అటే ఉంటారు. అప్పటినుంచి కట్ట తడిగా ఉంటే నేను ఎక్కను. టైరు దిగి గాడి పడిందంటే మళ్ళీ వానకు నీళ్ళు ఆ గాడిలోనే పారతాయి. సైకిల్ ఎంత బరువుంటుందిలే అనుకుంటాం కానీ పది మంది వరసగా పోతే ఆ గాడే కాలువ అవుతుంది.

హోస్ట్: మరి ఎప్పుడు పోవాలి?

అక్క: మనకు గట్టి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. సంక్రాంతికి చెరువులు నిండుగా ఉంటాయి, కట్టలు ఆరి ఉంటాయి. జనవరి, ఫిబ్రవరి మించిన కాలం లేదు. ఎండాకాలం అయితే ఐదున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ఇంట్లో పడాలి. పోయే ముందు రాగి అంబలి ఒక చెంబు తాగితే మళ్ళీ ఆకలి గుర్తుకు రాదు.

హోస్ట్: ముళ్ళ సంగతేంటి? నేను చెరువు కట్ట అంటే ముందు సర్కారు తుమ్మే గుర్తుచేసుకుంటా.

అక్క: (నవ్వు) తుమ్మ ముల్లు కనపడుతుంది, తప్పుకోవచ్చు. పల్లేరు కాయలు చూడు, అవి యమ డేంజర్. ఏ వైపు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. ఒకసారి ఒక్క గట్టు మీదే రెండు టైర్లూ పోయాయి. పంపు ఇంట్లో మర్చిపోయాను. సైకిల్ నెట్టుకుంటూ వస్తుంటే గొర్రెలాయన ఎదురై, ‘ఏం మా, బస్సు దొరకలేదా?’ అన్నాడు. జాలితోనే అన్నాడు పాపం. ఆయన చెప్పిన ఊళ్ళో పంక్చర్ షాపు ఉంది. ట్యూబు తొట్టిలో ముంచితే బుడగలు పదకొండు చోట్ల వచ్చాయి. ‘కొత్త ట్యూబే చవక మేడమ్’ అని తేల్చేశాడు ఆ అబ్బాయి.

హోస్ట్: పదకొండా! సరే, సైకిల్ మాటకొద్దాం. గ్రావెల్ బైకంటే ధర చూస్తేనే టెన్షన్ వస్తోంది.

అక్క: అందుకే నీకు ఒక లెక్క చెబుతాను. మా నాన్న పశువుల ఆస్పత్రిలో పనిచేసేవారు. ఊరూరా తిరగాలి. ఆయనది నల్ల సైకిల్, టైరు మీద ‘28 ఇంటూ ఒకటిన్నర’ అని ఉండేది. ఆ ఒకటిన్నర అంగుళాలు ఎంత? దాదాపు 40 మిల్లీమీటర్లు. ఇప్పుడు గ్రావెల్ టైరు అని అమ్ముతున్నది కూడా ఎక్కువగా ఆ సైజే! తారు రోడ్డు చుట్టు తిరిగి పోతుంది కాబట్టి నాన్న చెరువు కట్టల మీదుగా అడ్డంగా పోయేవారు. అప్పట్లో దీనికి పేరు లేదు, డ్యూటీ అంతే.

హోస్ట్: మరి కొత్త బైకు గొప్పేంటి?

అక్క: గొప్ప ఉంది, లేదనను. నాన్న సైకిల్ ఇరవై కిలోల దాకా ఉంటుంది, గేర్లు లేవు, వాన పడితే ఆ రాడ్డు బ్రేకులు దేవుడి మీద భారమే. నేనిప్పుడు తొక్కేది గేర్ల సైకిలే. కానీ అసలు కిటుకు గాలిలో ఉంది. మనవాళ్ళు టైరు రాయిలా కొట్టిస్తారు. చిన్న రాయి ఎదురైందనుకో, గట్టి టైరు నిన్నూ సైకిల్‌నూ కలిపి పైకి లేపుతుంది. ఆ లేపిన శక్తి ఎవరిది? నీ కాళ్ళది. టైరు కాస్త మెత్తగా ఉంటే రాయిని తనలోకి తీసుకుని ముందుకు పోతుంది. నా బరువుకు 40 మిల్లీమీటర్ల టైరులో 35 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి పెడతాను. నాన్న గేజీ చూసేవారు కాదు. ఆ పాత వాల్‌ట్యూబ్ వాల్వులకు గేజీ సరిగా చూపించదు కూడా. బొటనవేలితో నొక్కి, ‘ఇంక చాల్లే’ అనేవారు.

హోస్ట్: అక్కా, నాది 25 మిల్లీమీటర్ల టైరు. వచ్చే ఆదివారం మీతో రావచ్చా?

అక్క: దాంతో గరుసులో దిగావంటే సగం దారి భుజాన మోసుకొస్తావు. మీ నాన్నగారి పాత సైకిల్ ఏమైనా ఉందా?

హోస్ట్: ఉండేది. పోయిన ఏడాది ఇల్లు సర్దుతూ పాత సామానోడికి వేసేశాం.

అక్క: అయ్యో. ఎంతిచ్చాడు?

హోస్ట్: డబ్బులు కాదక్కా... ఉల్లిపాయలిచ్చాడు.