ఏజెన్సీ అంటే అడవి కాదు!

ఏజెన్సీ అంటే అడవి కాదండీ! కొండ కాదు, జలపాతం కాదు. ఏజెన్సీ అంటే పెత్తనం! మళ్లీ చెప్తున్నా వినండి, పైనుంచి వచ్చి కూర్చున్నవాడి పెత్తనం!

నమస్తే, ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నా. మా ఊళ్లో ఓ కరపత్రం గొడవ లేచింది. "గిరిజన మహిళల ఏజెన్సీని పెంచుదాం" అని ఏదో సంస్థవాళ్లు తెలుగులో అచ్చేసి పంచారు. అంతే, రెండు రోజులు నా ఫోను మోగుతూనే ఉంది. గ్యాస్ ఏజెన్సీలు ఆడవాళ్లకిస్తారా, దరఖాస్తు ఎక్కడ అని ఒకాయన. మా వీధి చివర కిరాణా కొట్టాయనకైతే ముచ్చెమటలు పట్టాయి. "ఏజెన్సీని పెంచుతారట బాబూ, మన జాగాలు కూడా అందులో కలిపేస్తారేటి?" ఆ భయం ఊరికే పుట్టలేదు. ఆయన చుట్టాలంతా సరిహద్దుకి అవతల ఆంధ్రాలో, పాతపట్నం వైపు. ఆంధ్రా ఏజెన్సీలో భూమి బదలాయింపు చట్టానికి 1970లో చేసిన సవరణ తర్వాత గిరిజనేతరుడు తన భూమిని ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్మలేడు. ఆ సంగతి ఆయన చిన్నప్పట్నుంచీ వింటున్నాడు.

ఇంతకీ కరపత్రంవాళ్లు చెప్పాలనుకున్నదేటి? చదువుకున్నవాళ్ల ఇంగ్లీషులో ఏజెన్సీ అంటే తన సంగతి తానే తేల్చుకునే సత్తా. మరి మన కొండల్లో ఆ మాటకి అర్థం? సరిగ్గా దానికి తలకిందులు!

1832లో మా పర్లాకిమిడిలో తిరుగుబాటు లేస్తే అణచడానికి మద్రాసు ప్రభుత్వం జార్జ్ రస్సెల్ అనే దొరని పంపింది. ఆ తర్వాత 1839లో చట్టం చేశారు. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలకి మామూలు కోర్టులు వర్తించవు. కలెక్టరే గవర్నరుకి ఏజెంటు. సివిలు ఆయనే, క్రిమినలూ ఆయనే! ఏజెంటు ఏలిన నేల కాబట్టి ఏజెన్సీ. అధికారి పేరు నేలకి అంటుకుపోయింది. మనకి మన్యం అని బంగారంలాంటి మాట ఉండగా దాన్ని పక్కకి నెట్టేసి ఇది కూర్చుంది. నన్నడిగితే ఆ చట్టం కన్నా ఈ మాటే కొండవాళ్లని ఎక్కువ తొక్కింది. ఎవరేమన్నా నేనిదే అంటాను!

నాకు ఒళ్లు మండేది ఎక్కడో చెప్పనా? ఇదే ఊళ్లో గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ కొండల్లోని సవర గిరిజనుల్ని కూర్చోబెట్టుకుని ఒక్కో మాటా అడిగి రాసుకున్నారు, వాళ్ల భాషకి నిఘంటువు కట్టారు. వాడుక తెలుగులో రాయండ్రా అని ఆయన పోరాడిందీ ఇక్కడినుంచే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోతుంటే ఉండలేక రాజమండ్రి వెళ్లిపోయారు. అలాంటి మనిషి తిరిగిన వీధుల్లో ఇలాంటి తెలుగు పంచుతారా? ఒక్క మాటకి అర్థం అడగడానికి మీకు తీరిక లేదా?

నేను అడిగాను. కరపత్రం పట్టుకుని సంతకెళ్లాను. మా అమ్మ ఎప్పుడూ "ఏజెన్సీ పసుపేనా?" అని అడిగి కొనే సవర ఆవిడ ఉంది. ముందు గోనెసంచి, దాని మీద పసుపు కొమ్ములు, పక్కన అడ్డాకుల కట్టలు. చదివి వినిపించాను. "ఏజెన్సీ ఆఫీసోళ్లా? మళ్లీ కాయితాలు అడుగుతారా?" అంది. చూశారా, ఆవిడకి ఆ మాట వినగానే గుర్తొచ్చేది ఆఫీసే!

అప్పుడు ఇలా చెప్పాను. "కాదమ్మా, మీ నిర్ణయం మీరే తీసుకోండి, మీ మాట చెల్లించుకోండి అని రాశారు."

పసుపు కొమ్ము చేతిలో తిప్పుతూ కాసేపు ఆలోచించింది. "అయితే ఈ పసుపు ధర నేనే చెప్పొచ్చా? సావుకారు ఊరుకుంటాడా?"

కరపత్రం వేసిన అయ్యలారా, అమ్మలారా! వచ్చే సంతకి రండి. ఆవిడ అక్కడే కూర్చుంటుంది. దానికి జవాబు చెప్పండి, తెలుగులో చేతకాకపోతే సవరలో చెప్పండి.