పార్కా లోపలి సూటు

మిత్రులారా, మనం ఇప్పుడే చూసిన 'క్వాడ్రోఫీనియా' సినిమా 1979లో ఫ్రాంక్ రాడమ్ దర్శకత్వంలో వచ్చింది. దీనికి మూలం ద హూ అనే బ్రిటిష్ రాక్ బృందం 1973లో విడుదల చేసిన రెండు రికార్డుల ఆల్బమ్. కథాకాలం మాత్రం 1964. ఆ బృందపు గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ ఆ పాటలు రాసేనాటికే మాడ్‌ల, అంటే సోకైన దుస్తులు, స్కూటర్లు, సంగీతమే లోకంగా బతికిన కుర్రకారు హవా ముగిసి ఏళ్లు గడిచాయి. అందుకే ఈ కథలో సంబరంతో పాటు నిలదీత కూడా ఉంది.

లండన్‌లో ఆధునిక జాజ్ వింటూ, ఇటాలియన్ తరహా సూట్లు కుట్టించుకున్న కొద్దిమంది కుర్రాళ్లతో 1950ల చివర మొదలైన పోకడ ఇది. అమెరికా నల్లజాతి గాయకుల సోల్ సంగీతం, జమైకా నృత్య సంగీతం స్కా తర్వాత వచ్చి చేరాయి. నిర్బంధ సైనిక సేవకు పిలుపులు 1960తో ఆగిపోయాయి. ఉద్యోగాలు దొరుకుతున్నాయి, స్కూటర్లు వాయిదాల మీద వస్తున్నాయి. పగలు ఉద్యోగం, వారాంతపు రాత్రుల్లో సోహో క్లబ్బులు, నిద్ర రాకుండా యాంఫెటమిన్ మాత్రలు. కథానాయకుడైన మాడ్ కుర్రాడు జిమ్మీ మనసు చెదరడంలో ఆ మాత్రల పాత్రను సినిమా దాచలేదు.

జిమ్మీ తొడిగిన పార్కాను, అంటే టోపీ ఉన్న ఆ పొడవాటి కోటును గమనించారా? అది అమెరికన్ సైన్యపు మిగులు సరుకు. స్కూటరు నూనె, రోడ్డు మురికి లోపలి సూటుకు అంటకుండా మాడ్‌లు దాన్ని పైన వేసుకునేవారు. ఇదంతా వట్టి షోకు అనడానికి నాకు మనసొప్పదు. ప్రకటనల సంస్థలో ఉత్తరాలు పంచే జిమ్మీలాంటి కుర్రాడికి తన మాట చెల్లే చోటు ఒంటిమీది బట్ట ఒక్కటే. వెస్పా, లాంబ్రెట్టాలు మన దేశంలోనూ తయారయ్యాయి. ఇక్కడ అవి భార్యాపిల్లలను ఎక్కించుకుని తిరిగే సంసారపు బళ్లు. అక్కడ కుర్రాళ్లు వాటికి వరసగా అద్దాలు, దీపాలు బిగించి ఊరేగారు.

1964 ఈస్టర్‌కు క్లాక్టన్ అనే సముద్రతీర పట్టణంలో అల్లర్లు జరిగాయి. మే నెలలో మార్గేట్, బ్రైటన్ తీరాల్లో మాడ్‌లు, వారి ప్రత్యర్థులైన, తోలు జాకెట్లు వేసుకుని మోటారు సైకిళ్లపై తిరిగే రాకర్లు కొట్టుకున్నారు. ఆ ఘటనలను పత్రికలు ఎంతగా పెంచి రాశాయో సామాజిక శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ 1972 నాటి తన పుస్తకంలో విడమరిచి చెప్పాడు.

నా మనసు మాత్రం హోటల్ సన్నివేశం దగ్గరే ఆగిపోతుంది. గాయకుడు స్టింగ్ నటించిన ఏస్ ఫేస్, మాడ్‌లందరిలో మేటి, అంతకుముందు కోర్టులో 75 పౌండ్ల జరిమానా పడితే, ఇప్పుడే చెక్కు రాసిస్తానన్న మొనగాడు. జిమ్మీకి అతడే ఆరాధ్యుడు. బ్రైటన్‌లో ఒక పెద్ద హోటల్ ముందు అతని స్కూటరు చూసి జిమ్మీ మొహం వెలిగిపోతుంది. అంతలోనే ఆ మొనగాడు బెల్‌బాయ్ యూనిఫారంలో ఎవరి సామానో మోస్తూ కనిపిస్తాడు. దీన్ని బండారం బయటపడటంగా చూసేవారు చాలామంది. నాకు ఏస్ మీద గౌరవం పెరిగింది అక్కడే. వారమంతా ఇతరుల పెట్టెలు మోసినవాడు సెలవు రోజున ఎవరికీ తలవంచకుండా నడిచాడు. అతనిలో మోసమేముంది? తన దేవుడు కూడా తనలాంటి పనివాడేనన్న నిజాన్ని జిమ్మీ భరించలేకపోయాడు, అంతే.

చివర జిమ్మీ చనిపోయాడా అని ఇందాక ఒకరు అడిగారు. సముద్రపు ఒడ్డున ఉన్న బీచీ హెడ్ కొండ అంచు నుంచి కింద పడి ముక్కలైంది జిమ్మీ ఎత్తుకెళ్లిన ఏస్ స్కూటరు మాత్రమే. సినిమా మొదట్లో సముద్రం వైపు నుంచి ఒంటరిగా నడిచి వచ్చినవాడు జిమ్మీయే. కథాక్రమంలో అది ఆఖరి ఘట్టమని నా అభిప్రాయం. అతడు బతికే ఉన్నాడు.