కరెంటు ఆపి టీకా వేయిద్దామా?

యాంకర్: నల్లగొండ శ్రోతలకు నమస్కారం. దేవరకొండ నుంచి ఒక అక్క లైన్‌లో ఉన్నారు. చెప్పండక్కా.

కాలర్: నమస్తే డాక్టరమ్మా. మా అక్కకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్. హైదరాబాద్‌లో కరెంటు, అదే రేడియేషన్, పెడుతున్నరు, సగం అయింది. మనిషి బాగా నీరసపడింది. క్యాన్సర్ తగ్గించే టీకా వచ్చింది, లక్షన్నర అవుతుందని ఒకాయన చెప్పిండు. బావ బర్రెలు అమ్ముతానంటుండు. కరెంటు ఆపి అది వేయిద్దామా?

డాక్టర్: బర్రెలు అమ్మొద్దని బావకు ఈ రోజే చెప్పమ్మా. కరెంటు అసలే ఆపొద్దు. బయట నుంచి పెట్టేది, చివర్లో లోపల పెట్టేది, రెండూ కలిపి ఎనిమిది వారాల్లోపు పూర్తి కావాలి. మధ్యలో మానేస్తే గడ్డ మళ్లీ పుంజుకుంటుంది. నీరసం గురించి అక్కడి డాక్టర్‌కే చెప్పండి. రక్తం తగ్గిందేమో చూసి ఎక్కిస్తారు.

కాలర్: మరి టీకా ఉన్న మాట అబద్ధమా అమ్మా?

డాక్టర్: టీకా ఉంది. కానీ అది రోగం రాకుండా వేసేది. ఈ క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. ఇప్పుడు దొరికే టీకా ఆ వైరస్ పై తొడుగును గుర్తుపట్టి, కణంలోకి పోకముందే అడ్డుకుంటుంది. మీ అక్క గడ్డలోని కణాలకు ఆ తొడుగే ఉండదు. వాటిలో ఇ6, ఇ7 అనే వైరస్ ప్రోటీన్లు మాత్రం తయారవుతూ ఉంటాయి. కణం హద్దు మీరి పెరగకుండా ఆపే మన ప్రోటీన్లను అవి పనిచేయనివ్వవు. ఆ రెండింటినీ పట్టుకుని క్యాన్సర్ కణాన్ని చంపేలా మన ఒంట్లోని రోగనిరోధక కణాలైన టీ కణాలకు నేర్పే టీకాల కోసమే పరిశోధనలు జరుగుతున్నాయి.

యాంకర్: ఎంతవరకు వచ్చాయి మేడమ్?

డాక్టర్: ఆశ ఉంది. 2015లో వచ్చిన ఒక ట్రయల్ ఫలితాల్లో, అలాంటి టీకా వేసినవాళ్లలో దాదాపు సగం మందికి ముఖద్వారం మీది మార్పులు తగ్గాయి. ఉత్తుత్తి ఇంజెక్షన్ వేసినవాళ్లలోనూ దాదాపు 30 శాతం మందికి వాటంతటవే తగ్గాయి. పైగా అవి క్యాన్సర్‌కు ముందు దశ మార్పులు. ముదిరిన గడ్డ తన చుట్టూ రోగనిరోధక శక్తిని అణచేస్తుంది, అందుకే అక్కడ పని కష్టం. ఈ టీకాలు ఇంకా ట్రయల్స్ దాటలేదు. ట్రయల్ మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోరమ్మా. లక్షన్నర అడిగిన మనిషిని నమ్మకండి.

కాలర్: అక్క బిడ్డకు పన్నెండేళ్లమ్మా. ఆ పిల్లకూ వస్తదా అని టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: ఆ పిల్లకే ఇప్పుడున్న టీకా బాగా పనిచేస్తుంది. పుణెలో తయారయ్యే సెర్వావాక్‌కు 2022లో అనుమతి వచ్చింది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఆరు నెలల తేడాతో రెండు డోసులు. నీ వయసెంత?

కాలర్: ముప్పై ఆరు.

డాక్టర్: అయితే నువ్వూ ముఖద్వారం పరీక్ష చేయించుకో. పలచటి ఎసిటిక్ యాసిడ్ పూసి తెల్లమచ్చ లేస్తుందేమో చూస్తారు. నొప్పి పెద్దగా ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది.

కాలర్: సరేనమ్మా. బావకు ఇప్పుడే ఫోన్ చేస్తా.