అర గంట తేడా ఉన్నా జీఎంటీ వాచీ సెట్ చేసుకోవడం ఎలా?

నమస్తే అండి. జీఎంటీ వాచీ అంటే రెండు ఊళ్ల టైమ్ ఒకేసారి చూపించే వాచీ. అందులో హైదరాబాద్ టైమ్, డాలస్ టైమ్ రెండూ ఎలా పెట్టుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. నా చేతిలో ఉన్నది ట్యూడర్ బ్లాక్ బే జీఎంటీ. రోలెక్స్‌కి తమ్ముడి లాంటి కంపెనీ ఇది. అన్నని వదిలేసి తమ్ముణ్ణి ఎందుకు తెచ్చానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ముందు ముళ్లు చూడండి. గంటలు, నిమిషాలు, సెకన్లు మామూలే. ఈ ఎర్ర ముల్లు మాత్రం రోజుకి ఒక్కసారే చుట్టు తిరుగుతుంది. దాన్ని అద్దం చుట్టూ ఉన్న ఈ రింగు మీది 24 గంటల అంకెలతో చదవాలి. ఈ రింగునే బెజెల్ అంటారు. సగం ఎరుపు పగటికి, సగం నీలం రాత్రికి.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది రోలెక్స్ జీఎంటీ-మాస్టర్. 1955లో పాన్ యామ్ అనే అమెరికా విమాన కంపెనీ పైలట్ల కోసం వచ్చింది. అప్పట్లో నాలుగో ముల్లు గంటల ముల్లుతోనే కదిలేది, రెండో టైమ్ కావాలంటే బెజెల్ తిప్పాల్సిందే. 1982లో జీఎంటీ-మాస్టర్ టూ వచ్చాక గంటల ముల్లు విడిగా జరగడం మొదలైంది. న్యూయార్క్, లండన్ మధ్య తిరిగే పైలట్‌కి అది చాలు, ఎందుకంటే తేడా ఎప్పుడూ నిండు గంటలే.

మన గొడవ వేరు. మనది జీఎంటీకి, అంటే లండన్‌లోని గ్రీనిచ్ టైమ్‌కి, అయిదున్నర గంటలు ముందు. వాచీలో నిమిషాల ముల్లు ఒక్కటే, అది రెండు ఊళ్ల నిమిషాలు ఎలా చూపిస్తుంది? (పిల్లలు లండన్‌లో ఉంటే చలికాలంలో ఈ ఖర్చే అక్కర్లేదు. మామూలు వాచీని తలకిందులుగా చూడండి, అక్కడి టైమే కనిపిస్తుంది!)

ఇప్పుడు సెట్ చేద్దాం. క్రౌన్ (వాచీ పక్కన టైమ్ తిప్పే బుడిపె) మర విప్పి చివరిదాకా లాగండి. ఇక్కడ రాత్రి 8:10 అనుకుందాం. నిమిషాలు 10 మీద, ఎర్ర ముల్లు 20 దాటి కాస్త ముందుకి పెట్టండి. క్రౌన్‌ని ఒక మెట్టు లోపలికి నొక్కితే గంటల ముల్లు ఒక్కో గంట చొప్పున దూకుతుంది. దాన్ని 8కి తెచ్చి, తేదీ కూడా చూసుకుని, మర బిగించేయండి. ఇది మర్చిపోతే నీళ్లు లోపలికి పోతాయి.

ఎండాకాలంలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. బెజెల్ మీది త్రికోణం 12 దగ్గర ఉండగా, కుడివైపుకి 21 క్లిక్కులు తిప్పండి. ఇప్పుడు ఎర్ర ముల్లు ఎక్కడుంది? 9కి, 10కి మధ్య, సగం దాటి. అంటే అక్కడ పొద్దున 9:40. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు వెనక్కి జరుపుతారు, అప్పుడు ఇంకో రెండు క్లిక్కులు.

ఈ బెజెల్‌కి మొత్తం 48 క్లిక్కులు, అంటే క్లిక్కుకి అర గంట. ఇప్పటి రోలెక్స్ జీఎంటీకి 24 మాత్రమే. అందులో అర గంట ఆగదు, మనసులో కూడుకోవాలి. అంత డబ్బు పోసి కూడికలా?

మీరే డాలస్‌లో దిగారనుకోండి. త్రికోణాన్ని మళ్లీ 12కి తెండి. క్రౌన్ చివరిదాకా లాగి టైమ్‌ని అర గంట వెనక్కి తిప్పండి, ఎర్ర ముల్లు కూడా అంతే వెనక్కి వస్తుంది. తర్వాత ఒక మెట్టు నొక్కి గంటల ముల్లుని పది గంటలు వెనక్కి దూకించండి. ఇక బెజెల్‌ని ఎడమకి ఒక్క క్లిక్కు. ఎర్ర ముల్లు మళ్లీ హైదరాబాద్ టైమ్ చూపిస్తుంది.

వేరే కంపెనీ వాచీ కొనేటట్టయితే, షాపులోనే బెజెల్ ఒక చుట్టు తిప్పి క్లిక్కులు లెక్కపెట్టండి. గంటల ముల్లు విడిగా దూకుతుందో లేదో కూడా అడగండి. కొన్నింట్లో ఎర్ర ముల్లు ఒక్కటే విడిగా కదులుతుంది. ఇంట్లో ఉండి ఫోన్లు చేసుకునేవాళ్లకి అది బాగానే పనికొస్తుంది, విమానం ఎక్కేవాళ్లకి మాత్రం చిరాకు.