మొదటి రోజు కాగితం

శ్రోతలందరికీ నమస్కారం.

ఎండ 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా ఎడ్లను బండికి కట్టకూడదని 1965 నుంచి ఒక నిబంధన ఉంది. రోజు మొత్తంలో తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. మధ్యలో విశ్రాంతి ఇవ్వకుండా వరసగా ఐదు గంటలకు మించి లాగించకూడదు. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్, కరీంనగర్, రామగుండం ఎండలు ఎట్లా ఉంటాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. దేశంలో ఈ నిబంధన అవసరం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మనదీ ఒకటి. అయినా బండి తోలేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. తెలియజెప్పాల్సిన ఉద్యోగుల్లోనూ కొందరికి తెలియదు.

దీనికి మూలం 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం. రాజ్యసభ సభ్యురాలిగా రుక్మిణీదేవి అరండేల్ పట్టుబట్టి ఈ విషయాన్ని సభ ముందుకు తేవడంతో కదలిక వచ్చింది. కొట్టడం, మోయలేనంత బరువు వేయడం, మేత నీళ్లు పెట్టకపోవడం, పుండు పడ్డ పశువుతో పని చేయించడం, అన్నీ ఇందులో నేరాలే. కానీ మొదటిసారి దొరికితే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె మారలేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. యాభై రూపాయల కేసు కోసం ఎవరు తిరుగుతారని చాలామంది అంటారు. ఆ మాటతోనే ఎన్నో ఫిర్యాదులు స్టేషన్ గడప దగ్గరే ఆగిపోతాయి.

నేను పశువైద్యుడిగా పనిచేసినవాణ్ని. కేసు నిలబడేదీ పడిపోయేదీ జరిమానా అంకెను బట్టి కాదు. మొదటి రోజు రాసిన కాగితాన్ని బట్టి.

ఎద్దు మెడ మీద కాడి పుండు సంగతే చూడండి. కొత్త పుండు ఎర్రగా, తడిగా ఉంటుంది. పాతదైతే అంచులు గట్టిపడతాయి, చుట్టూ వెంట్రుకలు రాలిపోతాయి, చర్మం మందమై నల్లబారుతుంది. వేలితో నొక్కితే ఎద్దు తల విదిలిస్తుంది, కింద నుంచి చీము వస్తుంది. డాక్టరు తన సర్టిఫికెట్‌లో "మెడపై గాయం ఉన్నది" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెడితే, ఎద్దు చెట్టుకు రాసుకుందని అవతలి లాయరు అంటాడు. కాదనడానికి డాక్టరు దగ్గర ఏమీ ఉండదు. అదే పుండు పొడవు వెడల్పు ఎన్ని సెంటీమీటర్లు, అంచు ఎట్లా ఉంది, ఎన్నాళ్ల కిందటిది అని రాసి ఉంటే, మానని పుండు మీదే రోజూ కాడి పెట్టారని ఆ కాగితమే చెబుతుంది. చట్టం నేరమన్నది సరిగ్గా ఈ పనినే. ఆ నాలుగు లైన్లు రాయడానికి పట్టేది పది నిమిషాలు.

ఇంకొక సంగతి. ఈ చట్టం కింద నేరం జరిగిన మూడు నెలల్లోపు కోర్టులో కేసు వేయాలి. ఆ గడువు దాటితే కేసే ఉండదు. రిపోర్టు ఇయ్యాల కాదు రేపు అనుకుంటూ టేబుల్ మీద పెట్టుకున్న డాక్టరైనా, ఎస్సై అయినా కేసును తన చేతులతోనే చంపేసినట్టు లెక్క. చంపడం, విషం పెట్టడం, కాళ్లు విరగ్గొట్టడం దాకా పోతే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ఉంది. దాని కింద ఐదేళ్ల దాకా జైలు వేయవచ్చు. వీధికుక్కకూ ఇది వర్తిస్తుంది. ఊళ్లో కుక్కల బెడద నిజమే, కరిచిన పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. దానికి 2023 నాటి నియమాలు చూపిన దారి కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా. పంచాయతీ డబ్బు ఖర్చు పెట్టాల్సింది వాటి మీదే. విషం ఇంజెక్షన్ల మీద పెడితే పెట్టించినవాళ్లే ముద్దాయిలవుతారు.

రాత్రిపూట పశువుల లారీని ఆపే ఎస్సై కష్టం కూడా చెప్పాలి. మామూలు గూడ్సు బండిలో ఆరుకు మించి పశువుల్ని ఎక్కించకూడదు. ప్రయాణానికి పనికొస్తాయని పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి, వెంట చూసుకునే మనిషి ఉండాలి. ఒక డీసీఎం వ్యానులో ఇరవై పశువులు దొరికాయనుకోండి. కేసు రాయడం సులువు. అర్ధరాత్రి ఆ ఇరవైని ఎక్కడ దించాలి? నీళ్లెవరు పెట్టాలి, గడ్డి ఎవరు తేవాలి? దగ్గర్లో గోశాలో, షెడ్డో లేకపోతే ఆ టెన్షన్ అంతా ఆ ఒక్క మనిషి మీదే పడుతుంది. జిల్లాకొక జంతు క్రూరత్వ నివారణ సంఘం ఉండాలని 2001 నియమాలు చెప్పింది ఇందుకే. అది పేరుకే ఉన్న జిల్లాలో ఎస్సై రెండోసారి లారీ ఆపడానికి వెనకాడితే ఆయన్ని తప్పు పట్టడం నాకు కష్టం. అంగడిలో ఎడ్లు కొనుక్కొని కాగితాలతో ఇంటికి తోలుకుపోయే రైతును ఈ చట్టం ఆపదు. అనుమానం ఉంటే 100కు ఫోన్ చేయండి. బండిని ఆపి తనిఖీ చేసే పని మాత్రం పోలీసులకే వదలండి.

ఇక అడవి వైపు వద్దాం. అక్కడ చట్టం బలమైనది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో పులి, చిరుత, అలుగు, ఉడుము, నెమలి ఉన్నాయి. వీటిలో దేన్ని చంపినా మూడు నుంచి ఏడేళ్ల జైలు. చట్టం అంత గట్టిది అయినా మన కవ్వాల్‌లో, ఏటూరునాగారంలో, భూపాలపల్లి అడవుల్లో పెద్ద శత్రువు ఒక సన్నని జీఐ తీగ. కర్ర గూటాలు పాతి, గాజు సీసాలకు చుట్టి, పదకొండు కేవీ లైను నుంచి కరెంటు తగిలిస్తారు. అడవిపంది కోసం పెట్టిన తీగకు పులి పడుతుంది, ఎద్దు పడుతుంది, మనిషి కూడా పడతాడు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో గాలింపుకు వెళ్లిన ఒక గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ప్రాణం ఇట్లాంటి తీగకే పోయింది.

ఇట్లాంటి తీగ కేసుల్లో ఫారెస్ట్ వాళ్లతో పాటు కరెంటు ఆఫీసు కూడా సాక్షే. తీగకు జంతువు తగిలి లైను ట్రిప్ అయితే ఆ టైము సబ్‌స్టేషన్ లాగ్ బుక్‌లో ఎక్కుతుంది. ఆ ఒక్క లైను, జంతువు కాలి మీద కాలిన గుర్తు, తీగ ముక్క, ఈ మూడూ కలిస్తే తప్పించుకోవడం కష్టం. రాత్రి లైను పడిపోతే ఊరికే మళ్లీ ఎక్కించేసి నిద్రపోకుండా, పక్కనున్న ఫారెస్ట్ బీట్ ఆఫీసరుకు ఒక ఫోన్ చేసే ఆపరేటరు పులిని కాపాడుతున్న ఉద్యోగే. ఆయన జీతం కరెంటు సంస్థ ఎన్పీడీసీఎల్ ఇస్తుంది కాబట్టి ఎవరూ ఆయన్ని ఆ లెక్కన చూడరు. నేను చూస్తాను.

పులి చనిపోతే ఎంత జాగ్రత్త తీసుకుంటారో వింటే ఆశ్చర్యమేస్తుంది. పోస్టుమార్టం మొత్తం వీడియో తీస్తారు. పులికి గోళ్లు పద్దెనిమిది, ముందు కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు నాలుగేసి. వాటిని లెక్కపెడతారు, కోరపళ్లు నాలుగూ ఉన్నాయా చూస్తారు. ఒక్క గోరు తగ్గినా విచారణ మారిపోతుంది. లోపలి అవయవాల ముక్కలు ల్యాబుకు పంపి, మిగిలిన శరీరాన్ని అందరి ఎదుటా పూర్తిగా కాల్చేస్తారు, చర్మం గానీ ఎముక గానీ బజారుకు పోకుండా.

2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో పులులు చనిపోయినప్పుడు, పశువు కళేబరానికి విషం పూసినట్టు తేలింది. అది నేరమే. కానీ పులి ఆవును చంపితే ఆ రైతు ఇంట్లో పాలు పోతాయి, దూడ పోతుంది, అప్పు మిగులుతుంది. అందుకే పులి చంపిన పశువుకు అటవీశాఖ పరిహారం ఇస్తుంది. అది ఎంత తొందరగా చేతికి వస్తే విషం డబ్బా అంత దూరంగా ఉంటుందని నా గట్టి నమ్మకం. ఆవు చనిపోయిన రోజే వచ్చి ఫొటో తీసి, పంచనామా రాసి ఫైలు పైకి పంపిన సెక్షన్ ఆఫీసరు ఒక పులిని కాపాడినట్టే. పంట పాడు చేసే అడవిపందుల విషయంలోనూ చట్టంలో దారి ఉంది. అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆ అర్జీ తీసుకొని జవాబివ్వడం కూడా రక్షణ పనే.

ఈ పంచనామాల కింద ఇద్దరు ఊరివాళ్ల సంతకాలు కావాలి. అక్కడే మనం వెనక్కి పోతున్నాం. కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు, పక్కింటివాడితో పగ ఎందుకు అంటాం. ఆఫీసులో పనిచేసేవాళ్లనే పంచులుగా, అంటే పంచనామా సాక్షులుగా పెడితే కోర్టులో ఆ సాక్ష్యానికి బలం తగ్గుతుంది. మీ ఊళ్లో తీగ దొరికినా, పుండు పడ్డ ఎద్దు దొరికినా, అధికారి రాసింది చదివించుకోండి, మీరు చూసింది అందులో ఉంటే సంతకం పెట్టండి. చూడనిది ఉంటే తీయించండి. సమన్లు వస్తే కోర్టుకు వెళ్లండి, సాక్షికి దారిఖర్చు అడిగే హక్కుంది. పశువుకు గాయమైతే ముందు 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. వచ్చిన డాక్టరును పుండు కొలత కూడా రాయమని అడగండి.

సెలవు. నమస్కారం.